చిటికెన వేలి హక్కు

"ఇది ఒక్కళ్ళే ఆడే ఆట అని చెప్పానా లేదా?"

చిట్టక్క అరిచిన అరుపుకి బల్ల చుట్టూ మూగిన తలలు జానెడు వెనక్కి జరిగాయి. జరిగాయే గానీ అక్కణ్ణించి కదల్లేదు. ఆడుతున్నది చిట్టక్క మొగుడు. అతని ముందు మూడు మేడలున్నాయి. మేడలంటే పాచికల మేడలు, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. చేతిలో ఇంకో పాచిక ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తప్ప ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ఎడమది, ఎడమది!" అన్నాడు ప్లాస్టర్ బాబాయి, టీ గ్లాసు గాల్లో ఆపి.

"ఎడమదాని మీద రెండుంది బాబాయ్. నాకు పడింది నాలుగు. ఎట్లా పెడతా?"

"అయితే ముందే తప్పు పెట్టావురా," అంది అతని తల్లి. "నీకు చిన్నప్పట్నించీ అంతే. చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికొచ్చేసరికి ఒకటి మిగిల్చేవాడివి."

"అత్తయ్యా! పక్కనుంచి సలహాలు చెప్తుంటే అది ఒంటరి ఆట ఎట్లా అవుతుంది?"

"సలహా కాదే, వాడి చరిత్ర చెప్తున్నా."

ఆ మాటంటూనే అత్తగారు చెయ్యి చాపి, వంకరగా ఉన్న మేడను సరిచేస్తున్నట్టు నటిస్తూ ఓసారి తడిమింది. ఆ చెయ్యి వెనక్కి వచ్చేసరికి ఎడమ మేడ మీద ఉన్న రెండు కాస్తా అయిదయి కూర్చుంది.

చూసినవాళ్ళకి కళ్ళు తిరిగాయి గానీ చిట్టక్కకి తిరగలేదు. అత్తగారి దొంగాట ఆమెకి కొత్తేం కాదు. అసలు ఈ ఆట పుట్టిందే అత్తగారి దొంగాట భరించలేక. పేకాటలో ముక్క మోకాలి కింద దాస్తుంది. గవ్వలాటలో దగ్గొచ్చినట్టు దగ్గి గవ్వ తిప్పుతుంది. పట్టుబడితే ఎదురు దబాయిస్తుంది. ఎదురుగా మనిషంటూ లేకపోతే ఈవిడ ఎవర్ని మోసం చేస్తుందో చూద్దామని చిట్టక్క ఒక్కళ్ళే ఆడే ఆట కట్టింది. కడితే ఏమయింది, ఇంటిల్లిపాదీ వచ్చి నెత్తిన కూర్చున్నారు.

ఆట చెప్పుకుంటే చిన్నదే. డజను పాచికలు ఒక సంచిలో ఉంటాయి. చెయ్యి పెట్టి ఒకటి తియ్యాలి, బల్ల మీద దొర్లించాలి, పడిన అంకె పైకి ఉండగానే ఎత్తి మూడు మేడల్లో ఒకదాని మీద పెట్టాలి. కింద ఉన్న అంకె కంటే మీదికొచ్చే అంకె పెద్దది కాకూడదు. ఆరు మీద అయిదు వస్తుంది, అయిదు మీద అయిదూ వస్తుంది, అయిదు మీద ఆరు రాదు. పెట్టడానికి చోటు లేకపోయినా ఆట అయిపోయినట్టే, మేడ కూలినా అయిపోయినట్టే. సంచి ఖాళీ అయ్యేదాకా పేర్చగలిగితే గెలుపు. అంతే.

చిట్టక్కని పెద్దా చిన్నా అందరూ చిట్టక్కే అంటారు. పని పళ్ళ సెట్లు చెయ్యడం, నేర్పింది ఆమెతో కలిసి పనిచేసే ప్లాస్టర్ బాబాయి. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తే, వాటికి ప్లాస్టర్ అచ్చు పోసి, మైనం మీద పళ్ళు అమర్చి, గులాబీరంగు చిగురు దిద్ది, వేడినీళ్ళలో ఉడికించి, మోటారు చక్రం మీద నిగనిగలాడేలా పాలిష్ పట్టి పంపిస్తుంది. సెట్టు ఉడికేదాకా చేసేదేమీ ఉండదు. ఆ తీరిక వేళల్లోనే, మిగిలిపోయిన ప్లాస్టర్‌తో మొదటి పాచికలు పోసింది. పోసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. అలా మొదలైంది పిచ్చి.

ఆ పిచ్చి ముదరడానికి ఇంకో కారణం ఉంది. ఆమె పని బాగుంటే ఎవరికీ కనబడదు. కనబడిందంటే బాగాలేదని అర్థం. చిట్టక్క చేసిన పళ్ళతో ఊరు ఊరంతా నవ్వుతోంది, నమిలేస్తోంది, తిట్టుకుంటోంది. ఒక్కళ్ళు కూడా ఇవి చిట్టక్క చేసిన పళ్ళు అనరు. అనకూడదు కూడా. అన్నిటికన్నా గొప్ప సెట్టు ఆమె ఇంట్లోనే ఉంది. అది అత్తగారి నోట్లో ఉంది. ఒక పన్ను కొంచెం వంకరగా, ఇంకోటి కాస్త పచ్చగా, కావాలనే లోపాలు పెట్టి, నిజం పళ్ళే ఈర్ష్యపడేలా చేసింది. అత్తగారు వాటిని బయటపెట్టి నవ్వుతూ, "నావి సొంత పళ్ళు! ఈ వయసులో ఎవరికున్నాయో చూపించండి!" అని వీధంతటికీ సవాలు విసురుతుంది. పనిగదిలో బాబాయికి తప్ప కొడుక్కి కూడా తెలియదు. ఎవరికీ చెప్పనని చిట్టక్క చేత ఒట్టేయించుకుంది. కొడుకు పనిమీద పై ఊళ్ళో ఉన్నన్నాళ్ళలోనే పాతవి ఊడబెరికించుకోవడం, కొత్తవి పెట్టించుకోవడం అన్నీ కానిచ్చేసింది. ఒట్టు ఒట్టే. చిట్టక్క నోరు విప్పలేదు.

కానీ ఎప్పటికైనా తన చేతి పని ఒకటి, నలుగురూ నడిచే వీధి వైపు మొహం పెట్టి నిలబడితే చూడాలని ఆమెకొక ఆశ.

ఆ చోటు కూడా ఆమె చూసిపెట్టుకుంది. మలుపు దగ్గర ఆటబొమ్మల కొట్టుంది. కొట్టుకి వీధి వైపు ఒక గాజు అర. దాంట్లో ఎండకి వెలిసిపోయిన చెక్కగుర్రం ఒకటి ఎన్నాళ్ళుగానో వీధిలోకి బిక్కమొహం వేసుకుని చూస్తోంది. కొట్టావిడ దాన్ని తీసేసి కొత్తది ఏదైనా పెడదామనుకుంటోందని తెలిసి, చిట్టక్క ప్లాస్టర్ పాచికలు రుమాల్లో మూటగట్టుకుని వెళ్ళింది.

కొట్టావిడ ఆటలు అమ్ముతుంది గానీ ఆడదు. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది, భుజం మీద ఎప్పుడూ దుమ్ముగుడ్డ. నవ్వు ఆవిడ మొహం వైపు దారి తప్పి కూడా రాదు. చిట్టక్క చెప్పిందంతా విని, కూర్చుని, ఆడింది. సంచిలో ఇంకా నాలుగు పాచికలుండగానే చోటు లేక ఆట అయిపోయింది. లేచి గుడ్డ తీసి బల్ల తుడిచింది.

"బాగుంది."

మొగుడు ఏ కూరకైనా బాగుంది అని ఊరుకున్నాడంటే ఆ పూట కూర ఎలా తగలడిందో చిట్టక్కకి తెలుసు.

"బాగుంది అంటే బాగాలేదనేగా అండీ?"

"అంతే. ఓడిపోయాను, సరే. తప్పెవరిది? నాది కాదు, పాచికది. నాది కాని తప్పుకి నేను మళ్ళీ ఎందుకు కూర్చోవాలి?" కళ్ళజోడు తీసి గుండెల మీదికి వదిలింది. "చూడమ్మా, సోమవారం ఏజెంటు మాట్లాడే బొమ్మ పట్టుకొస్తానన్నాడు. ఆదివారం పొద్దున కొట్టు తెరవకముందు ఇంకోసారి రా. నేను ఒక్కదాన్నే కూర్చుని ఆడతాను. ఆట అయ్యాక ఎవరూ చెప్పకుండా రెండోసారి నా చెయ్యి పాచిక మీదికి పోయిందా, అర నీది. పోలేదా, ఆ మాట్లాడే బొమ్మది."

ఇదీ చిట్టక్కకి పీకల మీదికొచ్చిన సంగతి. అందుకే ఇంట్లో అందరి చేతా ఆడించి చూస్తోంది. ఆడిస్తే ఏమయిందో చూశారుగా. ఒంటరిగా ఆడేదాన్ని ఒంటరిగా ఆడే మనిషి చేతే పరీక్ష చేయించాలి. వాళ్ళింట్లో మనిషి ఒంటరిగా ఉండే చోటు స్నానాలగది ఒక్కటే. అక్కడికీ మొగుణ్ణి పంపించింది. పాచికలు నీళ్ళలో పడి, ప్లాస్టర్ నాని, మూడు పాచికలు సబ్బుముక్కల్లా తయారయ్యాయి. పైగా తలుపవతల నుంచి తల్లి, "ఎంతొచ్చిందిరా?" అని అడుగుతూనే ఉంది.

వారం మధ్యలో ఓ మధ్యాహ్నం అత్తగారు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, చిట్టక్క పనిగదికి వెనక గుమ్మంలోంచి వచ్చింది.

"కింద కుడివైపు గుచ్చుకుంటోందే. చూడు."

చిట్టక్క సెట్టు చేతిలోకి తీసుకుంది. పళ్ళు లేని అత్తగారి మొహం గాలి తీసిన బెలూనులా అయిపోయింది. ఆవిడ గబగబా లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ప్లాస్టర్ దవడలు వరసలు వరసలుగా పేర్చిన గది అది. సెట్టు తిరిగి నోట్లోకి వచ్చేదాకా రాజు పిలిచినా బయటికి రాదు. చిట్టక్కకి తటాలున తట్టింది. ప్రపంచంలో అత్తగారు పూర్తిగా ఒంటరిగా ఉండేది ఈ కాసేపే. గోడలో అచ్చులు అందించుకునే చిన్న కిటికీ ఒకటుంది. దాంట్లోంచి పాచికల సంచి లోపలికి జారవిడిచింది.

"ఊరికే కూర్చోవడమెందుకు అత్తయ్యా, ఆడుకుంటూ ఉండండి."

సెట్టుకి గుచ్చుకుంటున్న చోట గీరడం ఎంతసేపు? అయిపోయింది. అయినా చిట్టక్క ఇవ్వలేదు. కిటికీ రెక్క సందులోంచి చూస్తూ నిలబడింది. ప్లాస్టర్ బాబాయి కూడా వచ్చి ఆమె భుజం మీదినుంచి తొంగిచూశాడు.

లోపల అత్తగారు మేడలు కడుతోంది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. తరువాత పాచిక దొర్లించింది. ఆరు. పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. ఆట అయిపోయింది. గదిలో పిట్ట లేదు. ప్లాస్టర్ దవడలు తప్ప చూసేవాళ్ళు లేరు. అయినా అత్తగారు ఇటు చూసింది, అటు చూసింది, గోడ మీది దవడల వైపు కూడా ఓసారి అనుమానంగా చూసింది. అప్పుడు బొటనవేలు, చిటికెన వేలు రెంటినీ పీత డెక్కల్లా చాపి, మేడ చివరి పాచికని మెల్లగా ఎత్తి, గాల్లోనే తిప్పి, ఆరు పైకొచ్చేలా మళ్ళీ పెట్టింది. మేడ ఊగింది. ఆవిడా దాంతో పాటే ఊగింది. మేడ నిలబడింది.

అత్తగారు రెండు చేతుల్తో బోసినోరు మూసుకుని, కుర్చీలో కిందికి మీదికి కుదుపుకుంటూ ఒకటే నవ్వు. చిన్నపిల్ల బెల్లం దొంగిలించినంత సంబరం.

"తనని తనే మోసం చేసుకుంటోందే!" అని బాబాయి గుసగుసలాడాడు.

మళ్ళీ చిక్కొచ్చింది, మళ్ళీ పీత డెక్క. ఈసారి మేడ దడదడా కూలింది. "థూ, నా చేతికి రోగమొచ్చింది!" అని ముద్దముద్దగా తిట్టుకుంది. పాచికని తిట్టలేదు, తన చేతిని తిట్టుకుంది. తిట్టుకుంటూనే పాచికలన్నీ పోగేసి సంచిలో వేసి, మళ్ళీ చెయ్యి పెట్టింది.

చిట్టక్క కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి బాబాయి రెండు చేతులూ పట్టుకుని గదిలో గిరగిరా తిప్పేసింది. ప్లాస్టర్ దుమ్ము పొగలా లేచింది.

"నేనొద్దని చచ్చేంత గింజుకున్నది అదే బాబాయ్! అదే కావాలి! దొంగాట ఆడనీ! కాకపోతే బొటనవేలు, చిటికెన వేలు, ఈ రెండిటితోనే. పైది ఎత్తాలి, తిప్పాలి, పెట్టాలి. పడగొట్టావా, తప్పు పాచికది కాదు, నీదే!"

"ముందు నన్ను వదలవే, కళ్ళు తిరుగుతున్నాయి."

లోపల్నుంచి గోడ మీద దబదబా బాదుతున్న చప్పుడు. అత్తగారికి పళ్ళు కావాలి. "ఇంకో ఆట అయ్యాక ఇస్తాలే అత్తయ్యా!" అంది చిట్టక్క. లోపల బాదుడు ఆగింది. పాచిక దొర్లింది.

ఆ రూలుకి చిటికెన వేలి హక్కు అని పేరు పెట్టారు. అత్తగారికి విషయం చెబితే మొదట బుంగమూతి పెట్టింది. "దొంగాటకి కూడా రూలు పెడితే ఇంక దాంట్లో రుచేముంది?" అంది. తరువాత తన పద్ధతే అచ్చంగా ఆటలోకి ఎక్కిందని అర్థమయ్యాక, వీధిలో మెడ మరో జానెడు నిటారుగా పెట్టుకుని నడిచింది.

ఇక చిట్టక్క కాలు నేల మీద ఆనలేదు. కొట్టావిడకి నాని కరిగే ప్లాస్టర్ పాచికలు ఇవ్వడమేమిటని, పళ్ళు చేసే తెల్ల ముద్దతో కొత్త పాచికలు పోసింది. చుక్కల గుంటల్లో చిగురు చేసే గులాబీరంగు నింపి చదును చేసింది. శనివారం సాయంత్రం దాకా చక్రం మీద పెట్టి ఒక్కొక్కటీ పాలిష్ పట్టింది. అలాంటిలాంటి పాలిష్ కాదు. పని నేర్పేటప్పుడు బాబాయి రోజూ చెప్పేవాడు: నాలుకంత గయ్యాళిది ఇంకోటి లేదమ్మా, వెంట్రుకంత గీత ఉన్నా పట్టేసి రోజంతా సాధిస్తుంది, కాబట్టి నాలుకకి దొరక్కుండా నున్నగా పెట్టు, అని. అలాగే పెట్టింది. పాచికలు వానచుక్కల్లా మెరిశాయి. వేలిముద్ర పడుతుందని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అత్తగారు ఒక్కసారి ఒక్కసారి అని చుట్టూ తిరిగినా సరే, పళ్ళ సెట్లు పెట్టి ఇచ్చే డబ్బా ఒకటి తీసి, అందులో పేర్చి మూత వేసేసింది.

ఆదివారం పొద్దున్నే డబ్బా, ఖాళీ సంచి పట్టుకుని నలుగురూ బయల్దేరారు. లిఫ్టులు బాగుచేసే మొగుడు రసమట్టం వెంట తెచ్చుకున్నాడు, బల్ల వంకరగా ఉంటే పట్టుకుందామని. అత్తగారు మంచి చీర కట్టుకుంది. బాబాయి జుట్టులో ప్లాస్టర్ ఎంత కడిగినా పోలేదు.

కొట్టావిడ డబ్బా తిప్పి చూసింది. "ఇది పళ్ళ సెట్టు డబ్బా కదూ?"

"డబ్బా ఒక్కటే అండీ," అంది చిట్టక్క.

మూత తీసేసరికి తెలుపూ గులాబీ తళుక్కుమన్నాయి. కొట్టావిడ కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. కొత్త రూలు చెబితే రెండోది కూడా లేచింది. కూర్చుంది. ఒక పాచిక దొర్లించింది, ఆరు. పెట్టింది. రెండోది దొర్లించి దాని మీద పెట్టింది. మూడోది పెట్టగానే, అది జారుడుబల్ల మీద పిల్లాడిలా జర్రున జారి, బల్ల దాటి, నేల మీద పడి, బీరువా కిందికి దూరిపోయింది.

ఇంకోటి పెట్టింది. అదీ జర్రున జారింది.

"బల్ల వంకర!" అని మొగుడు ముందుకి దూకి రసమట్టం పెట్టాడు. నీళ్ళబుడగ నట్టనడుమ కదలకుండా నిలబడి అతన్ని వెక్కిరించింది.

"నేను ముట్టుకోలేదు!" అంది అత్తగారు ఎవరూ అడక్కుండానే.

కొట్టావిడ చెయ్యి భుజం మీది దుమ్ముగుడ్డ వైపు కదులుతోంది. ఆ గుడ్డ బల్ల మీదికి దిగిందంటే అంతా అయిపోయినట్టే. చిట్టక్క ఒక పాచిక తీసి, పనిగదిలో చేసే అలవాటు కొద్దీ, నాలుకతో నాకి చూసింది.

"ఏంటమ్మా ఆ పని!" అంది కొట్టావిడ కుర్చీ వెనక్కి జరుపుతూ.

"నున్నగా ఉంది," అంది చిట్టక్క. "ఎక్కడా దొరకట్లేదు." మరుక్షణం కళ్ళు పెద్దవయ్యాయి. "బాబాయ్! సెట్టులో చిగురుకి ఆనే వైపు మనం పాలిష్ పెడతామా?"

"పిచ్చెక్కిందా? అది పట్టుకుని ఉండాల్సిన వైపు. దానికి పాలిష్ పెడితే పలకరిస్తే చాలు, సెట్టు ఊడి ఎదుటివాళ్ళ ఒళ్ళో పడుతుంది." చెబుతూ చెబుతూనే బాబాయికీ వెలిగింది. "ఓరి నీ! మరి పాచికకి చిగురు వైపు ఏది?"

"ఆరువైపులా చిగురే బాబాయ్! ఆరువైపులా!"

కొట్టావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వాళ్ళకి ఒంట్లో బాగుందా లేదా అన్నట్టు.

"అమ్మా, కొట్టు తెరిచే టైముకి ఇంకా వ్యవధి ఉంది. మీ మెట్టు ఒకసారి వాడుకోనివ్వండి," అని, జవాబు కోసం ఆగకుండా డబ్బా లాక్కుని బయటికి పరిగెత్తింది చిట్టక్క. కొట్టు ముందు గరుకు రాతిమెట్టు ఉంది. దాని మీద చతికిలబడి, పాచికని రాయికి ఆనించి గుండ్రంగా రుద్దడం మొదలెట్టింది. నిగనిగ పోయి సుద్దలాంటి తెలుపు వచ్చింది. తిప్పి ఇంకో వైపు.

"అంచులు ముట్టుకోవద్దు, అంచులు నున్నగానే ఉండాలి. ముఖాలు మాత్రమే! వెయ్యండి చేతులు!"

వేశారు. మొగుడు ఒక మూల, బాబాయి ఒక మూల. అత్తగారు మంచి చీర సంగతి మర్చిపోయి మధ్యలో మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆదివారం పొద్దున నడకకి వచ్చినవాళ్ళు, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నారనుకుని ఆగారు.

"ఏం రుద్దుతున్నారు?"

"చిగుళ్ళు," అన్నాడు బాబాయి తల ఎత్తకుండా.

అడిగినవాడు రెండడుగులు వెనక్కి వేశాడు, కానీ పోలేదు.

"నా మెట్టు అరిగిపోతోంది," అంది గుమ్మంలోంచి కొట్టావిడ. గొంతులో కోపం ఉందిగానీ, బీరువా కింద దూరిన పాచికని చీపురు పుల్లతో తీసుకొచ్చి తనే అందించింది. పక్కన నిలబడి, "అదిగో, ఆ మూల ఇంకా మెరుస్తోంది," అని చూపించింది కూడా.

అయింది. అందరి చేతులూ తెల్లటి పొడి. చిట్టక్క మెట్టు మీదే ఓ మేడ కట్టి చూసింది. పాచిక మీద పాచిక అతుక్కున్నట్టు కూర్చుంది. కొట్టావిడ వాటిని సంచిలో పోసి, డబ్బా కూడా తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. "ఒక్కదాన్నే," అని గాజులోంచి వేలు చూపించింది.

నలుగురూ గాజుకి ముక్కులు అంటించి నిలబడ్డారు.

లోపల ఆట మొదలైంది. మేడలు లేచాయి. చిక్కు వచ్చింది. కొట్టావిడ ఆగి తన చేతిని చూసుకుంది. బొటనవేలు, చిటికెన వేలు చాపింది. అత్తగారు ఇవతల తన చేతిని అలాగే చాపింది. పాచిక లేచింది, తిరిగింది, దిగింది. నిలబడింది. ఇవతల నలుగురూ ఒకేసారి ఊపిరి వదిలేసరికి గాజంతా ఆవిరి కమ్మింది. మొగుడు చొక్కా అంచుతో గాజు తుడిచాడు. తుడిచేసరికి లోపల ఇంకో హక్కు వాడుకుంటోంది. ఈసారి ఎత్తు మేడ. సంచిలో ఒక్కటంటే ఒక్క పాచిక మిగిలుంది. చిటికెన వేలు పక్కకి జారింది. మేడ వంగి, ఒక్క క్షణం ఆలోచించి, కుప్పకూలింది.

కొట్టావిడ పెదాలు కదిలాయి. గాజులోంచి మాట వినబడలేదు గానీ, తిట్టిందెవర్నో తెలిసింది. తన చేతినే.

తరువాత కదలకుండా కూర్చుంది. చెయ్యి భుజం మీది గుడ్డ దాకా పోయింది. చిట్టక్క మొగుడి మోచెయ్యి నొక్కేసింది. గుడ్డ దగ్గర ఆ చెయ్యి ఆగింది. కొట్టావిడ ఇటు చూసింది, అటు చూసింది. అటు గాజు మీద చప్పిడి ముక్కులు నాలుగు కనబడ్డాయి. లేచి, విసవిసా వచ్చి, తెర సర్రున కిందికి లాగేసింది.

"అయిపోయిందే," అన్నాడు మొగుడు. "మొహం మీదే వేసేసింది."

చిట్టక్క తెల్లటి పొడి చేతుల్తోనే చెంపలు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

అప్పుడు లోపల్నుంచి చప్పుడు. బల్ల మీద పాచిక దొర్లిన చప్పుడు.

"ఆగండి," అన్నాడు బాబాయి, చెవి తలుపుకి ఆనించి.

మళ్ళీ పాచిక దొర్లింది. మళ్ళీ. ఆపైన పెద్ద దడదడ, దాని వెనకే "ఛ ఛ ఛ, ఇట్లా పెట్టాల్సింది!" అన్న కొట్టావిడ గొంతు. అది ఆరిపోకముందే పాచికలు సంచిలో పడిన గలగల.

"మూడోసారి!" అని బాబాయి మెట్టు మీంచి గెంతాడు. జుట్టులోంచి ప్లాస్టర్ రాలింది. మొగుడు రసమట్టం గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం మర్చిపోయాడు. చిట్టక్క లేచి అత్తగారిని వాటేసుకుంటే, మంచి చీర మీద రెండు తెల్లటి అరచేతులు అచ్చుపడ్డాయి.

కొట్టు తెరిచే టైము దాటింది. కొనేవాళ్ళు పోగయ్యారు. ఒకాయన తలుపు తట్టాడు. "ఆగవయ్యా, మేడ మీదున్నాను!" అని లోపల్నుంచి కేక. ఆయనకి అర్థం కాక, ఒంటి అంతస్తు కొట్టు పైకప్పు వైపు తలెత్తి చూశాడు.

కాసేపటికి గాజు అర దగ్గర తెర మూల కొంచెం లేచింది. ఒక చెయ్యి వచ్చి చెక్కగుర్రం మెడ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు దాంట్లో మూత తీసిన డబ్బా ఉంది. లోపల ఒకే ఒక్క పాచిక, తక్కినవి పనిలో ఉన్నాయి కాబోలు. డబ్బాని అరలో పెట్టి, కొంచెం జరిపి, సరిగ్గా వీధి వైపు మొహం తిప్పి, చెయ్యి మాయమైంది. గులాబీరంగు చుక్కలు ఎండలో వీధిని చూస్తూ కూర్చున్నాయి.

"ఎవరు చేశారండీ అది?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

చిట్టక్క నోరు తెరిచింది. ఎన్నేళ్ళ అలవాటో, నేను అనే మాట పైకి రాలేదు. మొగుడి వెనక్కి జరగబోయింది.

"మా కోడలు!" అంది అత్తగారు, అడిగిన మనిషికే కాదు, వీధి మొత్తానికి. "ఆ దొంగాట మాత్రం నాది. తక్కినదంతా మా కోడలు. ఇది ఒక్కటే అనుకుంటున్నారా? దాని చెయ్యి ఎలాంటిదో మీకేం తెలుసు? ఇదిగో!"

ఎవరూ ఆపేలోపల, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, పై సెట్టు, కింది సెట్టు టకటకా ఊడదీసి అరచేతిలో పెట్టుకుని జనానికి చూపించింది. వంకర పన్ను, పచ్చ పన్ను అన్నీ ఎండలో తళతళలాడాయి.

"ఇవి కూడా దాని పనే! చూడండి, ఆ వంకర చూడండి! సొంతవి కూడా ఇంత బాగా ఉండేవి కాదు!"

బోసినోటి మాట ముద్దముద్దగా వచ్చింది గానీ వీధి మలుపు దాకా వినబడింది. జనం ముందు కంగుతిన్నారు, ఆపైన దగ్గరికొచ్చారు. ఒకావిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ వంగి చూసి, "నిజం పళ్ళలానే ఉన్నాయమ్మా!" అని చిట్టక్క వైపు తిరిగింది. ఇంకొకాయన తన దవడ ఓసారి తడుముకుని చిట్టక్క వైపు తిరిగాడు. ఒకరి వెనక ఒకరు అందరూ తిరిగారు. అంతమంది ఒక్కసారి తనని చూడటం చిట్టక్కకి అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే తెల్లటి చేతుల్తో మొహం కప్పేసుకుంది. చేతులు తీసేసరికి మొహమంతా పొడి.

మొగుడు మాత్రం తల్లి అరచేతిలోకి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా... ఎప్పట్నించి?"

"నోరు మూసుకోరా," అంది తల్లి, పళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, చెవి తలుపు వైపు ఒగ్గి. "ఆవిడ మళ్ళీ చిటికెన వేలు చాపినట్టుంది. విననీ."